వేసవి సెలవులలో సముద్రదర్శనము

వేసవి వచ్చినది. పాఠశాలలకు సెలవు లిచ్చిరి. ఆవకాయ జాడీలకు వాసెన గట్టుట ముగియకముందే పిల్లలు ఎక్కడికైన తీసికొనిపొమ్మని కొంగు పట్టుకొని తిరుగుచుందురు. ఇట్టి సమయమున మన కుటుంబములలో పలువురకు మొదట స్ఫురించునది సముద్రతీరము. ఇచ్ఛాపురము మొదలుకొని తడ వరకు మనకు పొడవైన కడలియంచు కలదు. భీమునిపట్టణము, విశాఖపట్టణము, ఉప్పాడ, పేరుపాలెము, మంగినపూడి, సూర్యలంక, మైపాడు మున్నగు తావులలో నేదో యొకటి కోస్తావారికి ఒక పూట ప్రయాణమే. తెలంగాణమునుండి వచ్చువారును ఒక రాత్రి రైలులో నిద్రించి, తెల్లవారిన పిమ్మట సముద్రఘోష వినవచ్చును.

అయినను సముద్రమును చూచివచ్చినవారు పెక్కుమంది, పరికించినవారు కొందరే. కెరటములలో కాళ్లు తడుపుకొని, నాలుగు గవ్వలు ఏరుకొని, మురీలు తిని మరలి వచ్చుటతో మన యాత్ర ముగియుచున్నది. నీరు ఉప్పగా నేల యున్నది, కెరటము లెక్కడనుండి వచ్చుచున్నవి, సాయంకాలమున గాలి యిటువైపునుండియే యేల వీచుచున్నది అని పిల్లలు ప్రశ్నింపక మానరు. విసుగుతో వారి నోరు మూయింతుమేని ఆ ప్రశ్న మరల పుట్టకపోవచ్చును. తల్లి చెప్పదగిన సమాధానములు కొన్నింటిని, తీరమున తల్లి తప్పక తెలిసియుండవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసమున మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

చల్లగాలి యేల?

పగటి యెండకు నేల త్వరగా వేడెక్కును, నీరు మెల్లగా వేడెక్కును. వేడెక్కిన నేలపై గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లని గాలి లోనికి వచ్చును. మధ్యాహ్నము దాటిన పిదప తీరవాసులకు ప్రాణము లేచివచ్చునట్లు చేయు సముద్రపుగాలి యిదియే. రాత్రివేళ నేల త్వరగా చల్లబడుటచే గాలి వెనుకకు తిరిగి, నేలనుండి నీటిపైకి వీచును. తెరచాప పడవలవారు తెల్లవారుజామున ఈ నేలగాలితో లోనికి పోయి, పగలు సముద్రపుగాలితో ఒడ్డు చేరుచుండెడివారు.

దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. రెండు పళ్లెములు తీసికొని, ఒకదానిలో పొడి యిసుకను, మఱియొకదానిలో నీటిని పోసి యెండలో అరగంట యుంచుడు. పిమ్మట పిల్లలచేత రెండింటిని తాకింపుడు. ఇసుక చురుక్కుమనును, నీరు గోరువెచ్చగా నుండును. ఒక పుటయంత పాఠమును వారి వ్రేళ్లే నేర్చుకొనును.

ఉప్పు ఎక్కడిది?

వాననీరు కొండలమీద బడి, రాళ్లను మెల్లమెల్లగా కరగించి, అందలి లవణములను నదులలోనికి చేర్చును. నదులు వానిని సముద్రమునకు మోయును. సముద్రగర్భమునందలి వేడి బుగ్గలును, అగ్నిపర్వతములును మఱికొంత చేర్చును. ఎండకు నీరు ఆవిరియై లేచిపోవును గాని ఉప్పు లేవదు. ఇట్లు కోట్లకొలది సంవత్సరములనుండి కూడిన దీ ఉప్పు. సగటున ఒక కిలోగ్రాము సముద్రజలమునందు 35 గ్రాముల లవణము లుండును. మన బంగాళాఖాతమునందు గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణలు కలియుటచే, ముఖ్యముగా ఉత్తరభాగమున, ఉప్పదనము కొంత తక్కువ. లోకమునందలి సముద్రముల ఉప్పునంతయు తీసి నేలపై పఱచినచో 150 మీటర్లకు మించిన మందమున పేరుకొనునని లెక్క.

నౌపడ, చినగంజాము ప్రాంతములకు పోవువారు ఉప్పుమళ్లను పిల్లలకు తప్పక చూపింపవలయును. నీటిని మడినుండి మడికి మరల్చుచు ఎండకు చిక్కబఱచి, ఉప్పు పేరిన పిదప మిగిలిన చేదునీటిని తీసివేయుదురు. ఆ చేదు మెగ్నీషియము లవణములవలన కలుగును. మనము చారులో వేయు చిటికెడు ఉప్పు వెనుక ఎండలో నిలిచి పనిచేయువారి యెంత శ్రమ యున్నదో అక్కడ కన్నులార కానవచ్చును.

ఇంటికి వచ్చిన పిమ్మట ఒక గాజుగ్లాసులో నీరు పోసి, చిన్న బంగాళాదుంపముక్కను వేయుడు. అది మునుగును. చెంచా చెంచాగా ఉప్పు వేసి కలుపుచు పొండు. సముద్రమంత ఉప్పన చేసినను ముక్క లేవదు. ఇంకను చాల ఉప్పు కలిపిన పిదప మెల్లగా తేలును. మృతసముద్రమను పేరుగల సరస్సునందు సముద్రముకంటె దాదాపు పదింతలు ఉప్పు ఉన్నది. ఈత రానివారును అందు తేలుదురనుట యెట్లు సాధ్యమో ఆ గ్లాసే తెలుపును.

పంచాంగమును సముద్రమును

మన యిండ్లలో తిథి తెలియని గృహిణి అరుదు. ఆ తిథియే సముద్రపు గడియారము. చంద్రుని యాకర్షణచేతను, కొంతవరకు సూర్యుని యాకర్షణచేతను సముద్రము పొంగుటయు తగ్గుటయు జరుగుచున్నది. పొంగుట పోటు, తగ్గుట ఆటు. మన తీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు. ఒక పోటునకును మఱుసటి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు గడచును. కావున నేడు ఉదయము ఆరు గంటలకు పోటు వచ్చినచో రేపు ఆరుగంటల యేబది నిమిషముల ప్రాంతమున వచ్చును. పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రుల బలము లొక్క త్రోవను కూడుటచే ఆ దినములలో పోటు మిక్కిలి పెద్దది. అష్టమి ప్రాంతమున చిన్నది. విశాఖయందు పెద్దపోటునకును ఆటునకును భేదము రమారమి ఒకటిన్నర మీటరు. గుజరాతునందలి ఖంభాతు సింధుశాఖలో నది పది మీటర్లకు దరిదాపు.

ఈ లెక్క తెలిసినవారు ఆటు సమయమున తీరమునకు పోయి, రాళ్లనడుమ నిలిచిన నీటిగుంటలలో చిన్నచేపలను, పీతలను, నత్తలను తీరికగా చూడగలరు. పోటు మొదలగుటకు ముందే పిల్లలను రాళ్లమీదనుండి దింపుకొని రాగలరు.

ఇసుకలోని లిపి

తడి యిసుకపై ఆవగింజలవంటి యుండలు పూవులరేకులవలె పఱచియుండుట మీరు చూచియుందురు. అవి చిన్నపీతల పని. ఇసుకను నోటపెట్టుకొని అందలి ఆహారమును తీసికొని, మిగిలినదానిని ఉండచేసి విడిచివేయును. మఱుసటి పోటు ఆ ముగ్గును తుడిచివేయును.

మన తీరమున శీతకాలపు చివర రాత్రులందు ఆలివ్ రిడ్లీ యను తాబేళ్లు ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూరుకు పైగా గ్రుడ్లు పెట్టిపోవును. తల్లి మరల రాదు. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడి యెక్కువైనచో ఆడపిల్లలు, తక్కువైనచో మగపిల్లలు ఎక్కువగా పుట్టుట వింతలలో వింత. చీకటిలో సముద్రముపైనుండు మసకవెలుగు చూచి యవి నీటివైపు నడచును. తీరమున దీపములు ప్రకాశించినచో త్రోవ తప్పి ఊరివైపు ప్రాకి చచ్చును. కావున అట్టి తావులలో రాత్రివేళ దీపములతో తిరుగకుండుటయు, గుంటలను త్రవ్వకుండుటయు మనము చేయదగిన ధర్మము. గవ్వలయందును మితము పాటింపవలయును. ఖాళీగా కనబడు శంఖములో సన్యాసిపీత కాపురముండవచ్చును.

ఏమఱుపాటు తగదు

ప్రతి వేసవియందును మన తీరమున స్నానమునకు దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారి వార్త వినవలసివచ్చుచున్నది. అందుకు ముఖ్యకారణము ఒడ్డునుండి లోనికి లాగు ప్రవాహము. కెరటములు ఒడ్డునకు మోసిన నీరు ఒక సన్నని దారిన వేగముగా లోనికి మరలిపోవును. అచ్చట కెరటములు విరుగక నీరు నిమ్మళముగా కనబడును. పిల్లలకు అదియే మంచి చోటని తోచును. నిజమునకు అదియే అపాయకరమైన చోటు. అందు చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదిన అలసి మునుగుదురు. ఎదిరింపక తేలుచు, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో ఆ లాగుడు తప్పును. ఈత రానివారు వెల్లకిల తేలుచు చేయి యెత్తి పిలువవలయును. ఒకరిని రక్షింప మఱియొకరు వెంట దూకుటచే ఒకే కుటుంబమున ఇరువురు ముగ్గురు పోయిన సందర్భములు గలవు. త్రాడు గాని, మూతబిగించిన ఖాళీడబ్బా గాని విసరి, జాలరులను కేకవేయుట మేలు. మోకాలిలోతు దాటనీయకుండుటయు, హెచ్చరికపలకలను మన్నించుటయు అన్నింటికంటె మేలు.

సముద్రమును గూర్చిన చిన్న తెలివి యెంత పని చేయునో 2004 డిసెంబరు 26న లోకము చూచినది. ఆ పూర్ణిమదినమున హిందూమహాసముద్రమున సునామీ లేచి, మన ఆంధ్రతీరమున సైతము నూరుమందికి పైగా బలిగొన్నది. థాయిలాండునందలి ఫుకెట్ దీవియందు మైఖావో తీరమున టిల్లీ స్మిత్ అను పదియేండ్ల ఇంగ్లీషు బాలిక తల్లిదండ్రులతో విహరించుచుండెను. రెండు వారములకు ముందే బడిలో సునామీని గూర్చి చదివియుండుటచే, నీరు నురుగులు గ్రక్కుచు వింతగా కదలుట చూచి, ఆమె తల్లిదండ్రులను హెచ్చరించెను. పెద్దలు ఆ మాటను త్రోసివేయక తీరమును ఖాళీచేయించిరి. సుమారు నూరుమంది బ్రదికిరి. ఆనాడు పిల్ల చదువు ఎంత పని చేసెనో, పెద్దల చెవి యంత పని చేసినది.

భూమి కంపించినను, నీరు హఠాత్తుగా వెనుకకు తీసినను, చేపలు గవ్వలు ఏరుటకు పోక, వెంటనే మెరకకు పోవలయును. నీరు వెనుకకు తీయకయే మొదటి కెరటము రావచ్చును. మొదటిదానికంటె తరువాతివి పెద్దవి కావచ్చును. నేడు మనకు ముందుగా తెలుపువారు గలరు. సముద్రమే లేని హైదరాబాదునందు భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము 2007 నుండి సునామీ హెచ్చరికల నిచ్చుచున్నది. ఉప్పెన ధాటికి 1977 నవంబరులో వేలమందిని కోల్పోయిన దివిసీమను ఎఱిగినవారికి ఇట్టి హెచ్చరిక విలువ చెప్పనక్కఱలేదు.

ప్రశ్నించిన స్త్రీలు

భూమిపై నూటికి 71 పాళ్లు సముద్రమే. సగటు లోతు 3,700 మీటర్లకు దరిదాపు. అడుగు ఎట్లుండునో మొదట సమగ్రముగా చిత్రించినవారిలో ఒక స్త్రీ కలదు. అమెరికాయందు 1920లో పుట్టిన మేరీ థార్ప్ పరిశోధననౌకలలో స్త్రీలకు చోటులేని కాలమున, ఓడలు తెచ్చిన లోతు లెక్కలను బల్లపై పఱచుకొని గీతలు గీసెను. అట్లాంటిక్ నడుమ పర్వతపంక్తిలో పొడవైన పగులు కలదని 1950 తరువాతి సంవత్సరములలో ఆమె చెప్పగా, తోడి శాస్త్రజ్ఞుడు అది ఆడువారి కబురని తీసివేసెను. కాని గీతలు నిజము పలికెను. ఆయనతో కలిసి ఆమె తీర్చిన ప్రపంచ సముద్రతల చిత్రము 1977లో పూర్తియైనది.

మన దేశమున అదితి పంత్ సముద్రశాస్త్రజ్ఞురాలు. ఆమెయు భూగర్భశాస్త్రజ్ఞురాలు సుదీప్తా సేన్‌గుప్తాయు 1983లో బయలుదేరిన యాత్రలో అంటార్కిటికాకు పోయిన మొదటి భారత స్త్రీశాస్త్రజ్ఞులు. చదువుకొను దినములలో చేతికందిన యొక సముద్రగ్రంథమే అదితిని ఆ దారికి మరల్చినది. ఎవరి యింట ఏ గ్రంథము ఎవరి కన్నులు తెఱపించునో ముందుగా నెవరు చెప్పగలరు?

కావున సోదరీమణులారా, ఈ వేసవిలో సముద్రమునకు పోవునప్పుడు పులిహోరపొట్లముతో పాటు ఒక చిన్న పుస్తకమును, పెన్సిలును సంచిలో వేసికొనుడు. తిథి, పోటు వచ్చిన వేళ, గాలి వీచు దిక్కు, చూచిన ప్రాణి, పిల్ల యడిగిన ప్రశ్న వ్రాసికొనుడు. సమాధానము తెలియనిచో ఇద్దరును కలిసి వెదకుడు. పోవుట వీలుకానివారు రెండు పళ్లెములతోను, ఒక గ్లాసు ఉప్పునీటితోను ఇంటనే మొదలిడవచ్చును. తీరమున పిల్లవాని చేయి విడువకుడు, ఇంట వాని ప్రశ్న విడువకుడు.