వంటయింటి పాత్రలు - నేటి శిల్పకళ

నిత్యము మన చేతులలో మెలగు వస్తువులను మనము చూడనే చూడము. ఉదయము కాఫీ గ్లాసు, మధ్యాహ్నము కంచము, రాత్రి తోమి బోర్లించిన గిన్నెలు - ఇవి మన కంటికి ఆనుట ఎప్పుడు? సొట్ట పడినప్పుడో, కనబడక పోయినప్పుడో మాత్రమే. ఇట్టి సామాన్యపు సామానును చిత్రశాలలలో నిలిపి, దీనిని నిదానించి చూడుడని కోరు శిల్పులు నేడు కలరు. వారి ఉద్దేశ మేమో ఇచట కొంచెము విచారింతము.

వంటపాత్ర కళకు వస్తువగుట కొత్త సంగతి కాదు. 18వ శతాబ్దమున ఫ్రెంచి చిత్రకారుడు షార్దెన్ రాగిపాత్రలను, మట్టికూజాలను ఎంతో శ్రద్ధతో చిత్రించెను. ఇటలీలోని బొలోన్యా నగరవాసి మొరాండీ (1890-1964) కొన్ని సీసాలను, గిన్నెలను మరల మరల అమర్చి చిత్రించుటలోనే జీవితమున అధికభాగము గడపెను. అయితే వీరు పాత్రల రూపమును రంగులతో దింపినవారు. తరువాతివారు పాత్రనే తెచ్చి ముందుంచిరి. 1914లో మార్సెల్ డ్యుషాంప్ పారిస్ అంగడిలో సీసాలు ఆరబెట్టు ఇనుప చట్రమును కొని, దానినే కళాఖండముగ ఎంచెను. 1936లో మెరెట్ ఓపెన్‌హైమ్ అను యువతి టీ కప్పునకు, సాసరునకు, చెంచాకు జంతువు బొచ్చు తొడిగెను. ఆకారమున అది కప్పే; కాని పెదవికి తాకించుటకు మనస్సొప్పదు. అలవాటు తెగినచోట చూపు మేలుకొనును.

మన దేశమున ఈ మార్గమున పేరొందినవాడు సుబోధ్ గుప్త. ఇతడు 1964లో బీహారులోని ఖగౌల్ అను రైల్వే ఊరిలో జన్మించి, పాట్నాలో చిత్రకళ నభ్యసించి, ఢిల్లీలో స్థిరపడెను. ఇతడు తన శిల్పములకు ఎన్నుకొన్నది పాలరాయి కాదు, కంచు కంటెను ముందుగా మన ఇంటి స్టీలు గిన్నె.

ఈ స్టీలునకు మన ఇండ్లలో ఒక చరిత్ర కలదు. ఇత్తడి పాత్రలో కళాయి లేనిదే పులుసు కాచుటకు వీలులేదు. చింతపండు పులుపు తగిలిన చిలుము పట్టును. స్టీలునకు ఆ బాధ లేదు. ఉక్కులో సుమారు 10.5 శాతమునకు తక్కువ కాకుండ క్రోమియము కలిసినచో, పైన కంటికి కనబడని పలుచని పొర ఏర్పడును. గీత పడినను గాలి సోకి ఆ పొర మరల కప్పుకొనును. అందుచేతనే తుప్పు పట్టదు. ఇట్లు ఎందరో ఇల్లాండ్రు పాత ఇత్తడిని తూకమునకిచ్చి, తళతళలాడు స్టీలును తెచ్చుకొనిరి. నిండియున్నప్పుడు అది సంసారపు కలిమికి గుర్తు. వట్టిదైనప్పుడు అదియే ఆకలికి గుర్తు. గుప్త పట్టుకొన్న కీలకము ఇదియే.

2006లో అతడు స్టీలు పాత్రలను పేర్చి ఒక మహాకపాలమును నిర్మించెను. దాని పేరునకు 'మిక్కిలి ఆకలిగొన్న దేవుడు' అని అర్థము. పారిస్ నగరమున పేదలకు పంచు సూపులో ముస్లిములు తినకుండుటకై కొందరు పందిమాంసము కలుపుచున్నారను వార్త ఈ శిల్పమునకు ప్రేరణ. ఒక చేత పెట్టుచు, రెండవ చేత తీసికొను దానమది! ఆ కపాలము మొదట పారిస్‌లోని ఒక చర్చిలోను, 2007లో వెనిస్ కాలువ యొడ్డునను నిలిచెను. 2008లో చేసిన మరియొక శిల్పమున గిన్నెలే అణుబాంబు పొగవలె పైకి లేచి గొడుగు పట్టును. దాని పేరు 'ఆధీనరేఖ'. యుద్ధము వచ్చిన మొదట ఆరునది పొయ్యియే కదా!

తిండిలేని వారుండగా గిన్నెలతో బొమ్మలు కట్టుటేల యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే, శిల్పము ఎవరి కడుపును నింపదు. అయితే 2017లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున ఇదే శిల్పి, వాడి వాడి నలిగిన అల్యూమినియము పాత్రలను వ్రేలాడగట్టి ఒక గదిని నిర్మించి, అందులో వంట చేసి వచ్చినవారికి వడ్డించెను. అచట గిన్నె మరల గిన్నె అయినది. ఆ పాత్రల సొట్టలన్నియు ఎవరో పేరులేని చేతులు పడిన శ్రమకు సాక్ష్యములు. ఆ శ్రమను మనచేత గుర్తింపజేయుటయే ఈ కళ చేయగల మేలని మేము తలంతుము.

ఇందుకు చిత్రశాలకే పోనక్కరలేదు. సారెలో వచ్చిన పాత బిందె మెడపై చుక్కలు చుక్కలుగా కొట్టించిన యొక పేరుండును. తరుచుగా అది ఆ ఇంట మరి ఏ కాగితము మీదను కనబడని ఇల్లాలి పేరు. తూకము వేయువాడు ఇత్తడికే వెలకట్టును గాని పేరునకు కట్టడు. కావున పాత సామాను అంగడికి పంపుటకు ముందు, ఆ బిందెను ఒక్కసారి వెలుతురునకు త్రిప్పి చదువుడు.