నానో బాటిలూ, యూరియా కట్టా

రండర్రా, అరుగు మీద బోలెడు చోటుంది. ఒరేయ్ చిన్నోడా, కాళ్లు ముడుచుకో, చెల్లెల్ని కూర్చోనీ.

2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు మీలో సగంమంది పుట్టనేలేదు. అప్పుడే గులాబీరంగు 2000 నోటొచ్చింది. దాంట్లో నానో చిప్ పెట్టారనీ, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగట్టేస్తుందనీ ఊరంతా ఒకటే గుసగుస. అలాంటిదేం లేదని ఆర్థికమంత్రి చెప్పినా జనం వింటేనా! మా ఈడువాడొకడు ఆ నోటుని బల్బుకి అడ్డంపెట్టి చిప్ కోసం తెగ వెతికాడు. నానో అన్నాక కంటికెలా ఆనుతుందిరా? మీ తలవెంట్రుక మందమే ఇంచుమించు 80,000 నానోమీటర్లు.

మనవాళ్లకి నానో అన్నమాట మంత్రమైతే, జర్మనీవాళ్లకి భయమైంది. 2006 మార్చిలో అక్కడ బాత్రూముల్లో కొట్టుకునే ‘మ్యాజిక్ నానో’ అనే స్ప్రే అమ్మారు. వాడినవాళ్లలో దాదాపు 100 మందికి ఊపిరాడలేదు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. సరుకంతా వెనక్కి తెప్పించారు. నానో ప్రాణాల మీదికి తెచ్చిందని పేపర్లన్నీ రాశాయి. తీరా పరీక్ష చేస్తే ఆ డబ్బాలో నానో కణాలే లేవు! అమ్ముకోవడానికి తగిలించిన పేరే మెడకి చుట్టుకుంది. పాపం జబ్బుపడ్డవాళ్ల సంగతి అలా ఉంచితే, నాకీ కథంటే భలే ఇష్టం.

అలాగని నానోలో ఏమీ లేదనుకునేరు! బెల్లం అచ్చుని అలాగే నీళ్లలో వేస్తే ఎంతసేపటికి కరుగుతుంది? నలగ్గొట్టి వేస్తే? బెల్లం అంతే, నీళ్లకి తగిలే మేర పెరిగింది. నానో దాకా నలిగితే ఆ మేర ఇంకెంతో పెరుగుతుంది, గుణాలూ మారతాయి. బంగారం అంత సన్నమై నీళ్లలో ఉంటే ఎర్రగా కనబడుతుంది. ఈ మాటంటే మీ అమ్మమ్మ, “అయితే ఎర్రగాజులు చేయించండి, చూస్తాను” అంది. నేను మాట మార్చేశాను.

సరే, చేలోకి వద్దాం. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కోవాళ్లు నానో యూరియా తెచ్చారు. అరలీటరు బాటిల్. నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే కట్ట యూరియాతో సమానమన్నారు. 94 పంటల్లో చూశాం, సగటున 8 శాతం దిగుబడి పెరిగిందన్నారు. కట్టలు మోసే బాధ తప్పిందని ఒకడు, సీసా నీళ్లకి వరి పండుతుందా అని ఇంకొకడు. కొన్నిచోట్ల బాటిల్ కొంటేనే కట్ట ఇస్తామన్నారు. అంటగట్టిన సరుకుని ఏ రైతు నమ్ముతాడు చెప్పండి? నాకు అంటగట్టింది పశువులపాక చూరులోనే ఉంది.

పలక తియ్యవే పెద్దపిల్లా. కట్ట 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. ఎంత? 20 కిలోల 700 గ్రాములు, శెభాష్. బాటిల్‌లో 4 శాతం. అరలీటరుకి 20. కిలోలు కాదు తల్లీ, గ్రాములు! ఇఫ్కో మాటలోనూ న్యాయముంది: చేలో చల్లిన యూరియాలో చాలాభాగం గాలికీ నీళ్లకీ పోతుంది, ఆకు మీద పడ్డది నేరుగా లోపలికి దిగుతుంది. పోనీ, చల్లినదాంట్లో మూడోవంతే పైరుకి అందిందనుకో, అదే 7 కిలోలు. టన్ను ధాన్యం పండాలంటే 15 నుంచి 20 కిలోల నత్రజని కావాలి. 20 గ్రాములూ చుక్క పోకుండా ఆకులోకి దిగినా తక్కినదెక్కణ్ణించొస్తుంది? లూధియానాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లు యూరియా తగ్గించి ఇది కొట్టి చూస్తే వరీ గోధుమా రెండింట్లోనూ దిగుబడి పడిపోయింది. తర్వాత 20 శాతం నత్రజనితో కొత్త బాటిల్ వచ్చింది. అదీ 100 గ్రాముల చుట్టుపక్కలే.

మీ పెదనాన్న ఊరుకుంటాడా? బావి పక్క మడిని మూడు ముక్కలు చేశాడు. ఒకదాంట్లో మామూలుగా యూరియా, ఒకదాంట్లో సగం యూరియా, ఇంకోదాంట్లో సగం యూరియాతో పాటు నానో. ఆ ఉత్త సగం యూరియా ముక్క ఎందుకని అడగరేం? అది లేకపోతే నానో వల్ల ఒరిగిందెంతో ఎలా తెలుస్తుంది? రేపు పొద్దున్నే వెళ్లి ముక్కకి పదేసి దుబ్బుల పిలకలు లెక్కపెట్టండి. గట్ల మీద కర్రలకి రంగుగుడ్డలు కట్టాడు. ఏ రంగు దేనికో నాక్కూడా చెప్పలేదు. చెబితే ఎవరికి నచ్చిన లెక్క వాళ్లకే వస్తుందట!