పెరటి మందుమొక్కకు విషము సోకనీయకండి

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. దగ్గరనున్న వస్తువు విలువను గుర్తింపని మానవ స్వభావమును ఎత్తిపొడుచుటకు పుట్టిన మాట అది. ఈ కాలమున ఆ సామెత అక్షరాలా నిజమగుచున్నదేమోనని నాకు భయము కలుగుచున్నది. చెట్టు విలువ తెలియక కాదు, ఆ చెట్టుపై మనమే విషము చల్లుచున్నాము గనుక.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము సూళ్లూరుపేటలోని నా వైద్యశాలకు ఒక వృద్ధురాలు నాలుగేండ్ల మనుమని వెంటబెట్టుకొని వచ్చినది. బాలునికి జలుబు, దగ్గు. తులసి ఆకుల రసములో తేనె కలిపి నాకించుమని చెప్పి పంపితిని. మరునాడు ఉదయముననే ఆమె బిడ్డను భుజముపై వేసుకొని పరుగున వచ్చినది. బాలుని నోటినుండి చొంగ కారుచున్నది. ఒడలంతయు చెమట. రెండుమారులు వాంతి అయినదట. కనుపాపలు ఆవగింజంత అయినవి. అది దగ్గు లక్షణము కాదని చూచిన వెంటనే తెలిసినది.

"తులసి ఎక్కడిదమ్మా?" అని అడిగితిని.

"మా పెరట్లోదే అయ్యవారూ. తెల్లపురుగు పట్టిందని మా అబ్బాయి మొన్న సాయంత్రం దానిమీద మందు కొట్టినాడు. వరికి కొట్టంగా మిగిలింది. నేను ఆకు కడిగే పిండినాను" అన్నది.

బిడ్డను వెంటనే ఆసుపత్రికి పంపితిని. అక్కడి వైద్యులు విరుగుడు మందులిచ్చి కాపాడిరి. నాలుగు దినములకు బాలుడు ఇంటికి చేరినాడు. తండ్రి తెలియక చేసినాడు. కాని ఆ తప్పులో నాకును భాగము కలదు. ఆకు పేరు చెప్పితిని గాని, దానిపై ఏమి చల్లినారని అడుగలేదు. ఆనాటి నుండి ఆ ప్రశ్న అడుగకుండ ఏ పెరటి మూలికను వాడుమని చెప్పుట లేదు.

పొలములో మందు చల్లిన పిదప ఇన్ని దినములు ఆగి పంట కోయవలెనని ఒక గడువుండును. పెరటి తులసికి ఆ గడువును పాటించువారెవరు? దగ్గు వచ్చిన క్షణముననే త్రుంచి, ఉడికింపక, పచ్చిరసముగనే పసిబిడ్డకు పోయుదుము. పైగా కొన్ని పురుగుమందులు ఆకు లోపలికి ఇంకిపోవును. అవి కడిగినను పోవు. కావున మందుమొక్క ఉన్న పెరటిలో రసాయన విషమునకు చోటే ఉండరాదు.

శాస్త్రము చెప్పిన మాట

ఇది క్రొత్త మాట కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానములోని 36వ అధ్యాయము మూలికలను ఎట్టి భూమినుండి తీసికొనవలెనో వివరించును. పుట్టలు, శ్మశానములు లేనిదియు, చవుడు కానిదియు అగు నేలను ఎన్నుకొనుమని చెప్పును. అట్టి నేలలో పెరిగిన మూలిక అయినను క్రిములు, విషము, ఎండ, నిప్పు మున్నగువానిచే చెడనిదై ఉండవలెనని కూడ చెప్పును. విషము సోకిన మూలిక ఔషధము కాదన్నమాట.

నేను గురుకులవాసము చేసిన దినములలో ఉదయముననే మూలికల తోటకు నీరు పోయుట శిష్యుల మొదటి పని. ఆకు త్రుంచుటకు ముందు దానిని వెనుకకు త్రిప్పి చూడుమని గురువుగారు పదేపదే చెప్పెడివారు. పురుగు గుడ్లు పెట్టునది సాధారణముగ ఆకు అడుగుననే. దినమునకొకసారి అట్లు చూచువాని తోటలో పురుగు పదింటికి మించకముందే కంటబడును. చేతితో తీసివేసిన చాలును. పెరటి సస్యరక్షణలో సగము ఈ చూపులోనే ఉన్నది.

నేల, నీరు

మా ప్రాంతమునకు ప్రక్కనే పులికాట్ ఉప్పునీటి సరస్సు. అనేక ఇండ్లలో వేసవి వచ్చుసరికి బావినీరు ఉప్పెక్కును. నేలపై తెల్లని పొర కట్టును. అట్టిచోట ఎరువు కలిపిన మట్టితో జానెడు ఎత్తున మడి కట్టి గాని, కుండీలలో గాని మొక్కలు పెంచవలెను. మొదళ్ల చుట్టును ఎండుటాకులు, వరిగడ్డి రెండంగుళముల మందమున పరచవలెను. నేల తడి ఆవిరి కాకున్నచో అడుగున ఉన్న ఉప్పు పైకి ప్రాకుట తగ్గును. నీరును ఆదా అగును. కలబంద, మునగ కొంత ఉప్పును ఓర్చుకొనును. సరస్వతి ఆకునకు మంచినీరు, నీడ తప్పనిసరి.

మా ప్రాంతమునకు వర్షము ప్రధానముగ అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనముల వలన కలుగును. ఆ దినములలో ఇంటికప్పు నీటిని మూతగల తొట్టిలో పట్టి ఉంచుకొనవలెను. బియ్యము, కూరలు కడిగిన నీరు మొక్కలకు మంచిది. సబ్బునీటిని అరటికి మరల్చుడు, ఆకు తినెడి మొక్కలకు వలదు. కుండీల క్రింది పళ్లెములలో నిలిచిన నీటిని వారమునకొకసారి తప్పక పారబోయవలెను. లేనిచో డెంగ్యూ దోమను మనమే పెంచినవారమగుదుము.

ఎరువు

దొరవారిసత్రము సమీపమున నేలపట్టు చెరువు కలదు. 1976లో పక్షుల రక్షిత కేంద్రముగ ప్రకటింపబడిన ఆ చెరువులోని చెట్లపై గూడబాతులు వచ్చి గూళ్లు కట్టును. వాని రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువుతో సమానమని అచ్చటి రైతులకు చిరకాలముగ తెలియును. పక్షిని కాపాడినవానికి పక్షియే పైరును పెంచుచున్నది.

పెరటికి అంత ఏర్పాటు అక్కరలేదు. ఒక మూలన గుంత గాని, అడుగున రంధ్రములున్న పాత డ్రమ్ము గాని చాలును. వంటింటి తొక్కలు ఒక పాలు, ఎండుటాకులు రెండు పాళ్లు పొరలు పొరలుగ వేసి, పైన పిడికెడు మట్టి చల్లుచు, పదిదినములకొకసారి తిరుగవేయవలెను. రెండు మూడు నెలలకు మట్టివాసన గల నల్లని ఎరువు సిద్ధమగును. దుర్గంధము వచ్చినచో తడి ఎక్కువైనదని తెలిసికొని ఎండుటాకులు చేర్పవలెను.

సురపాలుని వృక్షాయుర్వేదములో కుణపజలమను ద్రవపుటెరువు వర్ణింపబడినది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉన్న ఆ గ్రంథపు వ్రాతప్రతిని తెప్పించి, నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో 1996లో సికిందరాబాదు నుండి ప్రచురించిరి. కాని కుణపజలమునకు జంతువుల మాంసము, క్రొవ్వు కావలెను. ఇండ్ల నడుమ అది పొసగదు. దానికి బదులు జీవామృతము సులభము. 20 లీటర్ల నీటిలో 1 కిలో ఆవుపేడ, 1 లీటరు గోమూత్రము, 200 గ్రాముల బెల్లము, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు పుట్టమన్ను కాని మంచి మట్టి కలిపి నీడలో 48 గంటలు ఉంచి, దినమునకు రెండుసార్లు కలుపవలెను. దీనిని మొదట పోయవలెనే గాని ఆకులపై చల్లరాదు. పచ్చిపేడలో క్రిములుండును, ఆకును మనము పచ్చిగ తిందుము.

పురుగు

పేనుబంక, పిండిపురుగు కనబడినచో మొదట నీటిధారతో కడిగివేయుడు. ఎర్రని రెక్కలపై నల్లచుక్కలు గల అక్షింతల పురుగును మాత్రము చంపకుడు. పేనుబంకను తినివేయు మన మిత్రుడది. అప్పటికిని తగ్గనిచో వేపగింజల కషాయము వాడవచ్చును. 50 గ్రాముల వేపపప్పు పొడిని 1 లీటరు నీటిలో రాత్రంతయు నానవైచి, గుడ్డతో వడకట్టి, చెంచాడు కుంకుడురసము కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండలో దాని శక్తి నశించును. చల్లిన పిదప ఒక వారము ఆ ఆకును ఔషధముగ వాడవద్దు.

వేప గుణము మన పల్లెలకు ఎప్పటినుండియో తెలిసినదే. దానిపై ఒక విదేశీ సంస్థ పొందిన పేటెంటును యూరోపియన్ పేటెంటు కార్యాలయము 2000లో రద్దు చేసినది, 2005లో ఆ తీర్పును ఖాయపరచినది. అప్పటి ఖమ్మము జిల్లా పునుకుల గ్రామములో ప్రత్తి పండించు రైతులే వేపకషాయము వంటి వానితో పురుగుమందులను మానివేయగలిగినప్పుడు, నాలుగు కుండీలకు విషము ఎందుకు?

ఒక హెచ్చరిక. చెట్టునుండి వచ్చినదంతయు నిరపాయము కాదు. పొగాకు కషాయము, ఉమ్మెత్త, జిల్లేడు కలిపిన ద్రావణములు స్వయముగ విషములే. తినెడి ఆకులపై వానిని చల్లరాదు. వేపనూనెను పసిబిడ్డలకు లోనికి ఎన్నడును ఇవ్వరాదు.

ప్రమాదము జరిగినచో

మందు చల్లిన ఆకు తిన్నవారికి చొంగ, చెమట, వాంతి, కనుపాపలు చిన్నవగుట కనబడినచో ఇంటివైద్యముతో కాలము గడుపకుడు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపకుడు. పురుగుమందు డబ్బాను కూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి పొండు, లేక 108కి ఫోను చేయుడు. అట్టివేళ ఆయుర్వేద వైద్యుడు చేయదగిన ఉత్తమ చికిత్స రోగిని ఆలస్యము లేకుండ అచ్చటికి పంపుటయే.

ఆ వృద్ధురాలు పాత తులసిని పెరికివేసి, మట్టి మార్చి, క్రొత్త మొక్క నాటుకొన్నది. మరుసటి వర్షాకాలమున మనుమనికి మరల జలుబు చేసినది. ఈసారి గుమ్మములో అడుగు పెట్టుచునే, నేను నోరు తెరువకముందే, "ఏమీ కొట్టలేదు అయ్యవారూ, ఆకు తిప్పి చూసే కోసినాను" అన్నది.

ఆ మాట మీలో ప్రతి ఒక్కరును మీ వైద్యునితో చెప్పగలుగవలెనని నా కోరిక.