మీకు తెలుసా? ప్రోగ్రాంలూ పిల్లల్ని కంటాయి!

◆ తనలాంటి యంత్రాన్ని తానే తయారుచేసుకునే యంత్రం సాధ్యమేనా? హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ గణిత మేధావి జాన్ వాన్ న్యూమన్ 1940ల చివర్లోనే సాధ్యమేనని తేల్చారు. ఒక్కటే షరతు. యంత్రం తన తయారీ వివరాన్ని తనలోనే దాచుకోవాలి. ఆ వివరాన్ని చదువుకుంటూ పిల్ల యంత్రాన్ని కట్టాలి, తర్వాత అదే వివరానికి ఉన్నదున్నట్టు నకలు తీసి పిల్లకు అప్పగించాలి. మన కణాల్లో డీఎన్‌ఏ విషయంలో జరిగేదీ ఇదే. డీఎన్‌ఏ నిర్మాణం బయటపడింది మాత్రం ఆ తర్వాతే, 1953లో!

◆ 1970లో బ్రిటన్ గణితవేత్త జాన్ కాన్వే సృష్టించిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’ ఆడటానికి గళ్ల కాగితం, పెన్సిల్ చాలు. నింపిన గడి బతికున్నట్టు, ఖాళీది చనిపోయినట్టు. ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది గళ్లుంటాయి. వాటిలో రెండో మూడో బతికుంటే, బతికున్న గడి అలాగే ఉంటుంది. లేకపోతే చనిపోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడు బతికుంటే అందులో ప్రాణం పుడుతుంది. ఇప్పుడు వరుసగా మూడు గళ్లు నింపండి. మూడో గడికి నేరుగా పైన ఒకటి, ఆ పై వరుసలో నడిమి గడికి నేరుగా మరొకటి నింపండి. నియమాల ప్రకారం నాలుగు తరాలు నడిపిస్తే ఈ ఐదు గళ్ల బొమ్మ చెక్కుచెదరకుండా, కుడివైపు కిందికి ఏటవాలుగా ఒక గడి జరిగి ఉంటుంది. ‘కదులు’ అని నియమాల్లో ఎక్కడా లేదు!

◆ అసలు విచిత్రం 1990లో జరిగింది. టామ్ రే అమెరికా జీవశాస్త్రవేత్త, కోస్టారికా వర్షారణ్యాలను అధ్యయనం చేసినవారు. ఆయన కంప్యూటర్ లోపల ‘టియెరా’ అనే చిన్న లోకాన్ని కట్టి, అందులో 80 ఆదేశాలున్న ఒకే ఒక్క ప్రోగ్రాంను వదిలారు. తన నకలు తాను తీసుకోవడమే దాని పని. ఆ లోకంలో మెమరీయే నేల, ప్రాసెసర్ సమయమే తిండి. నకలు తీసేటప్పుడు అప్పుడప్పుడూ తప్పులు దొర్లేలా ఏర్పాటు చేశారు. చోటు నిండిపోతే ముసలివాటిని, తప్పులు ఎక్కువ చేసేవాటిని తొలగించే ‘యముడి’నీ పెట్టారు. అంతకుమించి ఆయన జోక్యం లేదు.

కొంతసేపటికి 45 ఆదేశాలే ఉన్న పొట్టి ప్రోగ్రాంలు కనబడ్డాయి. వాటిలో నకలు తీసే భాగమే లేదు. మరి ఎలా పెరిగాయి? పక్క ప్రోగ్రాంలో ఉన్న ఆ భాగాన్ని వాడుకుని! అచ్చమైన పరాన్నజీవులన్నమాట. ఇవి మరీ పెరిగితే ఆధారమిచ్చే ప్రోగ్రాంలు తగ్గేవి, వాటితోపాటే ఇవీ తగ్గేవి. తర్వాత పరాన్నజీవులకు లొంగని ప్రోగ్రాంలు పుట్టాయి. ఆపై పరాన్నజీవుల ప్రాసెసర్ సమయాన్నే కాజేసే గడుసువీ వచ్చాయి. ఇందులో ఏ ఒక్కదాన్నీ ఎవరూ రాయలేదు.

◆ ఒక క్లిష్టమైన సామర్థ్యం ఒక్కసారిగా పుడుతుందా, మెట్టుమెట్టుగా వస్తుందా? ‘అవిడా’ అనే ఇలాంటి లోకంలోనే అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఫలితాలు 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. రెండు సంఖ్యల్లోని బిట్లను పోల్చి ఎక్కడెక్కడ సమానమో చెప్పడం అక్కడి అతి కష్టమైన విద్య. చిన్న చిన్న విద్యలకూ ప్రతిఫలం ఇచ్చినప్పుడు 50 సమూహాల్లో 23 దాన్ని సాధించాయి. చిన్నవాటికి ఏమీ ఇవ్వకపోతే 50లో ఒక్కటీ సాధించలేదు.

◆ మొదటి విత్తనం మనిషే వేయాలా? అవసరం లేదని 2024లో గూగుల్ పరిశోధకుల బృందం ప్రకటించింది. అడ్డదిడ్డంగా రాసిన చిన్న ప్రోగ్రాంలను జతలు జతలుగా కలిపి నడిపిస్తూ పోతే, తమ నకలు తామే తీసుకునేవి వాటంతటవే పుట్టుకొచ్చాయి. ‘ఎక్కువ నకళ్లు తీస్తే గెలుపు’ అనే లక్ష్యం కూడా వాటికి పెట్టలేదు.

◆ ప్రోగ్రాం గీసిన నమూనాతో నిజంగా కదిలే ప్రాణికణాల ముద్దలూ తయారయ్యాయి. 2020లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ఆకారాలను రూపొందిస్తే, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో కప్ప పిండ కణాలతో వాటిని నిర్మించారు. వీటికి జెనోబాట్లు అని పేరు. మిల్లీమీటరు కూడా ఉండవు.

◆ మరి నకళ్లు తీసుకునే ఈ ప్రోగ్రాంలకు ప్రాణం ఉన్నట్టేనా? పుట్టుక, వారసత్వం, మార్పు, పోటీ, పరిణామం... ఇవన్నీ టియెరాలో ఉన్నాయి. ఇది పరిణామాన్ని అనుకరించడం కాదు, పరిణామమే. కానీ నాసా వాడుతున్న నిర్వచనం ప్రకారం జీవం అంటే తనను తాను నిలబెట్టుకుంటూ డార్విన్ చెప్పిన పరిణామానికి లోనయ్యే రసాయన వ్యవస్థ. టియెరా ప్రాణులకు రసాయనమూ లేదు, సొంత సంపాదనా లేదు. వాటి కరెంటు మనదే, యంత్రం మనదే. స్విచ్ ఆపితే ఆ లోకమే ఉండదు. కాబట్టి ఇవి జీవ లక్షణాలున్న ప్రోగ్రాంలే తప్ప జీవులు కావు.

చక్కగా మాట్లాడే యాప్‌లను చూసి ‘కంప్యూటర్‌కి ప్రాణం వచ్చేసింది’ అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడగండి. అది తనలాంటివాటిని తానే కంటోందా? తరతరానికీ మార్పు వస్తోందా? తన తిండి తానే సంపాదించుకుంటోందా? మాటలే రాని ఆ 80 ఆదేశాల ప్రోగ్రాం మొదటి రెండింట్లో నెగ్గింది. మూడోదాంట్లో మాత్రం అదీ నెగ్గలేదు.