నల్లతల హో గారి దుంప

చైనాలో ఒక దుంపకు మనిషి పేరుంది. ‘హో షౌ వూ’ అంటే నల్లతల హో గారని అర్థం.

ఆ పేరు వెనక కథను టాంగ్ రాజుల కాలంలో లీ అవ్ అనే పండితుడు రాసిపెట్టాడు. హో వంశంలో ఒకాయనకు 58 ఏళ్ళొచ్చాయి. పుట్టు బలహీనుడు, పెళ్ళీ పిల్లలూ లేరు. ఒక రాత్రి తాగి కొండమీద పడుకుంటే, ఎడంగా వున్న రెండు తీగలు దగ్గరకు జరిగి పెనవేసుకోవడం, విడిపోయి మళ్ళీ పెనవేసుకోవడం కనిపించిందట. తాగినవాడి చూపు గదా అనకండి! ఆయన ఆ వేరు తవ్వుకొచ్చి, పొడికొట్టి తిన్నాడు. రోగాలు పోయాయి, జుట్టు నల్లబడింది, పదేళ్ళలో కొడుకులు పుట్టారు. మనవడు షౌ వూ 130 ఏళ్ళు బ్రతికినా తల నెరవలేదట.

ఇంత కథ విన్నాక నెరిసిన తలలవాళ్ళు వూరుకుంటారా? అమెరికాలో దీన్ని ‘ఫో-టీ’ అంటారు. మాత్రలుగా, పొడిగా అమ్ముతారు. జుట్టు నల్లబడుతుందని మనుషుల మీద గట్టి రుజువేదీ లేదు.

చైనా వైద్యులకు మాత్రం ఇది ఒక దుంప కాదు, రెండు మందులు. పచ్చిది విరేచనకారి, మన సునాముఖిలో వుండే జాతి పదార్థాలే ఇందులోనూ వున్నాయి. నల్ల సోయా గింజల రసంతో వుడికించి, లోపలా పైనా గోధుమరంగు వచ్చాక ఎండబెట్టింది బలానికి. ఆ శుద్ధివల్ల విరేచన గుణం తగ్గుతుంది, హానీ కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

హాని కాలేయానికి. తిండి సహించదు, నీరసం, మూత్రం ముదురురంగు, ఆపైన పచ్చకామెర్లు. వాడకం ఆపితే చాలామంది కోలుకుంటారు. ప్రాణం పోయినవారూ వున్నారు. తగ్గింది గదా అని మళ్ళీ మొదలుపెడితే జబ్బు తిరగబెడుతుంది. బ్రిటన్ మందుల శాఖ 2006లోనే హెచ్చరించింది. 2014లో చైనా ప్రభుత్వమే ఆరోగ్యపు తినుబండారాలలో రోజుకు పచ్చిది 1.5 గ్రాములు, శుద్ధిచేసింది 3 గ్రాములు మించరాదని కట్టడి పెట్టింది. అందరికీ ఎందుకు చేటు చేయదంటే, పుట్టుకతో వచ్చే ఒక జన్యు లక్షణం వున్నవారికి ప్రమాదం హెచ్చని 2019లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ లక్షణం అద్దంలో కనపడేది కాదు. కాలేయపు జబ్బున్నవారు, ఇంట్లో ఎవరికైనా ఇది పడనివారు దీని జోలికే పోరాదు.

కామెర్లతో వచ్చినవారిని ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే, చాలామంది ‘ఏమీ లేదండీ’ అంటారు. జుట్టుకని మింగే మాత్ర వాళ్ళ లెక్కలో మందే కాదు మరి. ఆ సీసా కూడా వెంట తీసుకువెళ్ళి చూపించండి.