ఎఫెసు అల్లరి: ప్రయాణము చేసే సేవకుడు, ఊరిలో మిగిలే సంఘము

అపొస్తలుల కార్యముల గ్రంథము 19వ అధ్యాయము 23 నుండి 41 వచనముల వరకు ఎఫెసు పట్టణములో జరిగిన అల్లరిని లూకా వివరించాడు. ఈ భాగము మీద మన సంఘములలో ప్రసంగములు తక్కువ. ఒకవేళ చెప్పినా, దేమేత్రియ ధనాపేక్షను గూర్చి నాలుగు మాటలు చెప్పి, అర్తెమిదేవిపై సువార్త జయించినదని ముగిస్తాము. లూకా ఇక్కడ చెప్పదలచినది అంతకంటె ఎక్కువని మా అభిప్రాయము. విశ్వాసము, ప్రయాణము, సాంఘిక కల్లోలము అనే మూడూ ఇందులో ఒకచోట కలిశాయి. ఊరూరా తిరిగి వాక్యము చెప్పే మనవంటివారు దీనిని నిదానముగా చదవవలసిన కారణము ఒకటున్నది. ఆ రోజు జనసమూహము చేతికి చిక్కినవాడు పౌలు కాదు.

ముందుగా ఒక మాటను గమనించాలి. 23వ వచనములో లూకా క్రైస్తవ విశ్వాసమును ‘మార్గము’ అన్నాడు. గ్రీకులో ఇది ‘హొదొస్’. కాలినడకన వెళ్లే బాటకు కూడా ఇదే మాట. 9:2లో సౌలు హింసించబోయినది ‘ఈ మార్గమందున్నవారిని’. 24:14లో పౌలు ఫేలిక్సు ఎదుట తన విశ్వాసమును ఇదే మాటతో ఒప్పుకున్నాడు. మొదటి విశ్వాసులకు విశ్వాసమంటే ఒప్పుకోవలసిన సిద్ధాంతముల పట్టిక మాత్రమే కాదు, నడవవలసిన త్రోవ కూడా. ఆ త్రోవ ఊరి బజారు మధ్యగా పోతుంది కనుక బజారులో ఉన్నవారికి తగులుతుంది.

ఎఫెసు బజారు ఎటువంటిది? అర్తెమి గుడి ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటి. అది పూజాస్థలము మాత్రమే కాదు, దూరదేశముల వారు కూడా తమ ధనమును దాచుకున్న ఖజానా. క్రీ.శ. 104 నాటి ఒక పెద్ద శాసనము ఎఫెసులో దొరికింది. సలూటారిస్ అనే ధనవంతుడు వెండి బంగారు ప్రతిమలను సమర్పించి, వాటిని ఊరేగింపుగా నాటకశాలలోనికి తీసుకొని వెళ్లే ఏర్పాటు చేసినట్లు అందులో ఉన్నది. ఇది పౌలు తరువాత సుమారు 50 సంవత్సరములకు జరిగినదే అయినా, వెండి, గుడి, నాటకశాల అనే మూడింటి సంబంధము ఎంత గట్టిదో దీని వలన తెలుస్తుంది. దేమేత్రియను తెలుగు బైబిలు ‘కంసాలి’ అంటుంది. అతని ప్రసంగపు వరుస చూడండి. 25వ వచనములో జీవనోపాధి, 26లో పౌలు బోధ, 27లో దేవి మహిమ. కూలి పోతుందన్న భయము మొదట వచ్చింది, భక్తి తరువాత వచ్చింది. అయినా అతనిని కేవలము కపటిగా తీసివేయడము సరికాదని మేము తలస్తాము. పనివారి పొయ్యి ఆరిపోతుందన్న భయము నిజమైన భయమే. దానిని అర్థము చేసుకోని సేవకుడు తన ఊరిలో రేగే ఏ అల్లరినీ అర్థము చేసుకోలేడు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము టర్కీ దేశములోని సెల్చుక్ పట్టణమునకు వెళ్లినప్పుడు ఆ గుడి స్థలమును చూశాము. మిగిలిన ముక్కలతో పేర్చి నిలబెట్టిన ఒకే ఒక స్తంభము, చుట్టూ నీటి మడుగు, గడ్డి ఉన్నాయి. నాటకశాల మాత్రము కొండవాలున ఇంకా నిలిచి ఉన్నది. అందులో సుమారు 25,000 మంది పట్టేవారని అంచనా. మాతో వచ్చిన కాపరులలో చాలామంది వేదికపై నిలబడి పౌలు ఇక్కడ ప్రసంగించాడని ఫొటోలు తీయించుకున్నారు. నిజానికి పౌలు అందులో అడుగు పెట్టనే లేదు. వెళ్లాలనుకున్నాడు గాని శిష్యులు వెళ్లనియ్యలేదు. ఆసియ దేశాధికారులలో అతని స్నేహితులు కూడా వద్దని కబురు పంపారు (30, 31 వచనములు).

లోపలికి ఈడ్వబడినవారు గాయియు, అరిస్తర్కు. లూకా వారికి వాడిన మాట ‘సునెక్‌దేమోస్’, అంటే స్వదేశము విడిచి మరొకనితో కలిసి ప్రయాణము చేసేవాడు. ఇల్లు విడిచి వచ్చిన ఈ మాసిదోనియవారికి ఆ ఊరిలో బంధుబలము లేదు. పౌలు దొరకలేదు కనుక వీరు దొరికారు. ఆపైన యూదులు అలెక్సంద్రును ముందుకు త్రోశారు. బహుశా ఈ గొడవతో తమకు సంబంధము లేదని చెప్పించడానికి కావచ్చు. కాని అతడు యూదుడని తెలియగానే జనము అతని మాట వినలేదు, రెండు గంటలసేపు కేకలు వేసింది. అల్లరి ఒకరి పేరున మొదలైనా, లోకువైన మరొక గుంపు మీదికి కూడా పోతుంది.

ఇక్కడ గ్రీకు చదువుకునే విద్యార్థులు తప్పక చూడవలసిన విషయమున్నది. 32, 41 వచనములలో ఈ గలిబిలి సమూహమునకు లూకా వాడిన మాట ‘ఎక్లేసియా’. మనము సంఘమని అనువదించే మాట ఇదే. 39వ వచనములో చట్టప్రకారము కూడిన పౌరసభకు కూడా ఇదే మాట వాడాడు. తెలుగు బైబిలు ఇక్కడ ‘సభ’ అన్నది, అది సరియైన అనువాదమే. కాని లూకా మొదటి పాఠకులకు ఈ మాట చెవిన పడినప్పుడు రెండు కూడికలు ప్రక్కప్రక్కన కనిపించి ఉంటాయి. ఒకదానిలో ఎక్కువమందికి తాము ఎందుకు కూడివచ్చారో తెలియదు. మన సంఘములో మనవారెందుకు కూడివచ్చారో వారికి తెలుసా అనే ప్రశ్న ఏ కాపరికైనా ఇబ్బందికరమే.

అల్లరిని అణచినవాడు పట్టణపు కార్యదర్శి, గ్రీకులో ‘గ్రమ్మతేయుస్’. మన అనువాదకులు ‘కరణము’ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకము రద్దయినది కనుక నేటి విద్యార్థులకు ఈ మాట విడమరచి చెప్పాలి. ఊరి లెక్కలు, దస్తావేజులు చేతిలో ఉన్నవాడు, పైఅధికారులకు జవాబుదారి. ఎఫెసు అర్తెమి గుడికి ‘ధర్మకర్త’ అని అతడు గర్వముగా చెప్పాడు. అంటే అతడు విశ్వాసి కాదు. అయినా 37వ వచనములో అతడిచ్చిన సాక్ష్యము ఈ భాగమంతటిలో బరువైనదని మేము భావిస్తాము. ఈ మనుష్యులు గుడి దోచినవారు కారు, మన దేవిని దూషించినవారు కారు అన్నాడు. పౌలు ఆ ఊరిలో మూడు సంవత్సరములున్నాడు (20:31). చేతులతో చేసినవి దేవతలు కావని చెప్పాడని దేమేత్రియ ఫిర్యాదు చేశాడు, అది అబద్ధము కాదు. కాని ఆ సత్యమును చెప్పడములో దూషణ లేదని ఊరి కరణమే పదిమందిలో ఒప్పుకున్నాడు.

మా పాస్టరేటులోని ఒక పల్లెలో ఉజ్జీవ కూటములు జరిగినప్పుడు వేరే జిల్లా నుండి వచ్చిన ప్రసంగీకుడు మూడు రాత్రులు మైకులో ఊరి దేవతలను ఎగతాళి చేశాడు. ఎంత చెప్పినా ధైర్యము లేనివారని మమ్మునే గద్దించాడు. నాలుగవ నాడు తెల్లవారకముందే కారెక్కి వెళ్లాడు. ఆ వారము నుండి విశ్వాసులకు కిరాణా కొట్టులో అప్పు పుట్టలేదు. నాట్లకు మన స్త్రీలను పిలవలేదు. ఉపదేశి భార్య నీళ్లకు మరొక బావికి వెళ్లవలసి వచ్చింది. ప్రసంగీకుడు తన తరువాతి కూటములలో ఈ ఊరి ‘విజయము’ను సాక్ష్యముగా చెప్పుకున్నాడని విన్నాము.

ఇది చిన్న సంగతి. ఒడిశాలోని కంధమాల్‌లో జరిగినది చిన్నది కాదు. 2008 ఆగస్టు 23న జలేస్‌పేట ఆశ్రమములో లక్ష్మణానంద సరస్వతి, ఆయనతోపాటు మరి నలుగురు హత్యకు గురయ్యారు. తామే చేశామని మావోయిస్టులు ప్రకటించుకున్నారు, అయినా కోపము క్రైస్తవ పల్లెల మీద పడింది. ప్రభుత్వ లెక్కలోనే సుమారు 40 మంది చనిపోయారు. వేల ఇండ్లు కాలిపోయాయి, పదుల వేలమంది అడవులకు, శిబిరములకు పారిపోయారు. అక్కడ కూడా మతము క్రింద మరొక పొర ఉన్నది. కంధ గిరిజనులకు, పాణ దళితులకు మధ్య భూముల తగాదా, రిజర్వేషన్ల తగాదా ఎప్పటినుండో నడుస్తున్నాయి. మతము మారిన పాణులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. కుయి భాష ఆధారముగా గిరిజన హోదా కోరితే కంధులు వ్యతిరేకించారు. దేమేత్రియ ప్రసంగములో వలెనే బ్రతుకుతెరువు, గౌరవము, దేవుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

ఆ సంవత్సరము డిసెంబరులో మేము బియ్యము, దుప్పట్లతో బరంపురం, భంజనగర్ మీదుగా జి.ఉదయగిరి వైపు వెళ్లాము. శిబిరములో ఒక వృద్ధుడైన సంఘపెద్ద మాకు టీ ఇచ్చి, వచ్చినవారందరూ ఎంతమంది చనిపోయారు, ఎన్ని గుడులు కాలాయి అని అడిగి వ్రాసుకుంటారు అన్నాడు. తమ పొలములో ఈ ఏడు ఎవరు కోత కోశారని ఎవరూ అడగలేదన్నాడు. అతనికి కావలసినది తిరిగి ఊరికి వెళ్లడము. మతము విడిస్తేనే రమ్మంటున్నారు. ఆ ఊరిలో అతడు రేపు కూడా బ్రతకాలి. మేము ఆదివారమునకు ఇంటికి చేరాలి.

ఈ తేడాను పౌలు ఎరుగును. అల్లరి తరువాత అతడు మాసిదోనియకు బయలుదేరాడు (20:1). ఇది పారిపోవడము కాదు, ఆ ప్రయాణము ముందే అనుకున్నదని 19:21 చెబుతుంది. కాని వెళ్లేముందు శిష్యులను పిలిపించి ధైర్యము చెప్పాడు. తరువాత యెరూషలేమునకు త్వరపడుతూ ఎఫెసులో దిగకపోయినా, మిలేతునకు పెద్దలను రప్పించాడు. అక్కడ అతడు చెప్పిన మాటలలో వెండి మళ్లీ కనిపిస్తుంది. ఎవరి వెండినైనను బంగారమునైనను తాను ఆశించలేదనీ, తన చేతులే తనకును తనతో ఉన్నవారికిని పనిచేశాయనీ అన్నాడు (20:33, 34). వెండి పనివారి ఊరిలో మూడు సంవత్సరములు చేతిపని చేసి బ్రతికిన మనిషి ఈ మాట అన్నప్పుడు, వినే పెద్దలకు దాని విలువ తెలుసు.

కనుక కూటములకు పిలుపు వచ్చినప్పుడు స్థానిక కాపరిని అడగవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ ఊరిలో మనవారికి పొలము ఎవరిది, కూలి ఎవరి వద్ద, ఏడాదికి ఒకసారి వచ్చే జాతర ఎప్పుడు, గొడవ జరిగితే కలెక్టరు కచేరీకి మనవారి తరపున ఎవరు వెళ్తారు? వేదాంత కళాశాలలలో ప్రసంగ శాస్త్రము బోధించేవారు వీటిని కూడా పాఠములో చేర్చితే బాగుంటుంది.

అరిస్తర్కు ఆ నాటకశాల నుండి బయటపడి ఇంటికి పోలేదు. 20:4లో మళ్లీ పౌలుతో ఉన్నాడు. 27:2లో పౌలుతో కూడ ఆసియ తీరపు పట్టణములకు పోవు ఓడ ఎక్కాడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:10లో పౌలు అతనిని తనతో కూడ చెరలో ఉన్నవాడని పేర్కొన్నాడు.