కాన్పు వార్డులో ‘నువ్వు’, ‘మీరు’

మా వదినకు రెండో కాన్పు ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగింది. మర్నాడు ఉదయమే నర్సు కాగితం పట్టుకొచ్చి, ‘ఇద్దరయ్యారుగా, ఆపరేషన్ చేయించేసుకో. ఇక్కడ వేలిముద్ర వెయ్యి’ అన్నది. వదినకు సంతకం చేయడం వచ్చు. ఆ సంగతి చెప్పేలోపే సిరా డబ్బా ముందుకొచ్చింది. పక్కనే ఉన్న నేను, డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే మాదిగ స్త్రీని, నోరు మెదపలేదు.

అదే నెలలో నా సహోద్యోగి ఒకరు కార్పొరేట్ ఆస్పత్రిలో ప్రసవించారు. తరాలుగా భూములున్న అగ్రకుల కుటుంబం. డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్, పాలిచ్చే తల్లులు వాడదగిన మాత్రలు, కండోమ్ గురించి ఓపికగా వివరించి, ‘మీరు ఆలోచించుకుని చెప్పండి’ అన్నారట. ఇవేవీ ఖరీదైన వైద్యం కావు. ‘అంతర’ ఇంజెక్షన్, ‘ఛాయ’ మాత్ర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగానే ఉన్నాయి. కాన్పు కాగానే కాపర్-టి అమర్చే పద్ధతీ ఉన్నది. మా వదినకు వాటి పేర్లయినా ఎవరూ చెప్పలేదు.

మన ఊళ్లలో ‘ఆపరేషన్’ అంటే చాలు, కు.ని. శస్త్రచికిత్స అనే అర్థం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 38 శాతం. అంతకంటే సులువైన, పొట్ట కోయనక్కర్లేని వేసెక్టమీ ఒక శాతమైనా లేదు. బరువులెత్తే ఒళ్లు పాడవుతుందని మగవాళ్లకు భయం. కాన్పయిన వారానికి కలుపు తీయడానికి వంగే ఒంటి గురించి ఆ భయం ఎవరికీ ఉన్నట్టు లేదు.

వదినను తర్వాత అడిగాను. ‘మూణ్ణెల్లకోసారి సూదికి వస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారమ్మా? ఇదైతే ఒక్కసారితో పోతుంది’ అన్నది. ఈ లెక్కను నేను కొట్టిపారేయలేను. బలవంతం చేశారని రాయడం సులువే గానీ అది సగం నిజం. సొంత చెక్క భూమి లేని స్త్రీకి ఆస్పత్రికి వెళ్లే ప్రతి రోజూ కూలి పోయే రోజే. అలాగని నా సహోద్యోగికి పూర్తి స్వేచ్ఛ ఉందనీ అనను. మొదటిది ఆడపిల్ల కనుక, కొడుకు కావాలని అత్తగారు కాపర్-టి పెట్టించుకోనివ్వలేదు. కానీ ఆమెకు కనీసం అన్ని పద్ధతుల గురించీ తెలుసు.

సామూహిక శస్త్రచికిత్సల శిబిరాలను మూడేళ్లలోగా ఆపివేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరంలో పదిమందికి పైగా స్త్రీలు చనిపోయిన తర్వాత వచ్చిన తీర్పు అది. గడువు దాటిపోయాక, 2022 ఆగస్టు 25న, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు మరణించారు. అలాంటి శిబిరాల ముందు బారులు తీరేది ఏ పేటల స్త్రీలో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. అనర్హత పోవడం మంచిదే. అయితే ఇప్పుడు ఎక్కువమందిని కనమని వేదికల మీద నాయకులు చెబుతున్నారు. నిన్న ఆపమన్నారు, నేడు కనమంటున్నారు. ఆ వార్త చదివి వినిపిస్తే మా వదిన నవ్వి, పొయ్యి మీది గిన్నె దించుకోవడానికి లేచి వెళ్లిపోయింది.

ఆ ఉదయం వార్డు బయట వేపచెట్టు కింద మా అన్న కూర్చునే ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలవమని నర్సు అనలేదు. నేనూ అనలేదు.